కాంటన్ అవెన్యూ సగంలో ఆగిపోతే తప్పు కాళ్లది కాదు

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుంటాను, తరువాత చదివేవారికి కూడా అర్థమవుతుంది. మీరు అమెరికాలోని పిట్స్‌బర్గ్ వచ్చి ఆరు నెలలైంది. విశాఖలో ఉన్నప్పుడు సైకిలు మీద అరకు ఘాట్ ఎక్కిన అనుభవం ఉంది. ఇక్కడ బీచ్‌వ్యూ పేటలోని కాంటన్ అవెన్యూ అనే నిటారు వీధి మీద మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ సగం దాటకముందే ముందు చక్రం గాలిలోకి లేచింది, మూడోసారి పెడల్‌లోంచి బూటు ఊడిరాక పక్కకు పడి మోచేయి చీరుకుపోయింది. మీ సైకిలుకు ముందు 50, 34 పళ్ల గేరు చక్రాలు, వెనుక పెద్దది 28 పళ్లు. మీ బరువు 70 కిలోలు. బరువు తగ్గమని, తొడలకు వ్యాయామం చేయమని స్నేహితుడు చెప్పాడు. నవంబరులో జరిగే డర్టీ డజన్ అనే కొండల సైకిలు రైడ్‌కు ఆ వీధి ఎక్కగలనా అని అడిగారు.

ఎక్కగలరు. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో తొక్కుతున్నాను, ఆ వీధి మీద నేనూ పడ్డాను, చాలామందికి దగ్గరుండి ఎక్కడం నేర్పాను. వాళ్లలో కాళ్ల బలం చాలక ఆగిపోయినవాళ్లు చాలా తక్కువ. నూటికి తొంభైమంది గేరు చాలక, లేదా బరువును సైకిలు మీద తప్పు చోట పెట్టి ఆగిపోతారు. మీ విషయంలో రెండూ ఉన్నాయి.

అరకు ఘాట్‌కూ దీనికీ పోలిక పెట్టుకోకండి. మన ఘాట్ రోడ్లు బస్సులూ లారీలూ ఎక్కడానికి వేసినవి. కొండ ఎంత నిటారుగా ఉన్నా మలుపులు తిప్పి తిప్పి వాలును సాధారణంగా 5-6 శాతం దగ్గర పట్టి ఉంచుతారు, తప్పని చోట మాత్రమే అంతకు మించనిస్తారు. అక్కడ ఊపిరికి పరీక్ష, ఓపికకు పరీక్ష. పిట్స్‌బర్గ్ కథ వేరు. మూడు నదులు కోసిన లోయలు, ఆ లోయల అంచున ఉక్కు కార్ఖానాలు, వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లు కొండవాలు మీద. కొండ ఎలా ఉంటే వీధి అలా నిలువునా పైకి పోయింది. కొన్నిచోట్ల వీధికి బదులు మెట్లే కట్టారు, పటంలో మాత్రం అది వీధిగానే ఉంటుంది. మొనొంగహీలా ఇంక్లైన్ 1870లో, డ్యూకేన్ ఇంక్లైన్ 1877లో మొదలై ఇప్పటికీ తాళ్ల మీద మనుషుల్ని కొండ మీదికి లాగుతున్నాయంటే ఆ ఎత్తులు ఎలాంటివో తెలుస్తుంది.

కాంటన్ అవెన్యూలో నిటారుగా ఉన్న భాగం అరవై అయిదు మీటర్లకు మించదు. 37 శాతం అని చెప్పే ముక్క అందులో ఆరు మీటర్లకు పైచిలుకు మాత్రమే. 37 శాతం అంటే వంద మీటర్లు ముందుకు పోతే ముప్పై ఏడు మీటర్లు పైకి లేవడం. కోణంలో చెప్పాలంటే సుమారు ఇరవై డిగ్రీలు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోయినా మొత్తం నలభై ఏడు సెకన్ల పని. అరకులో రెండు గంటలు తొక్కినవారికి నలభై ఏడు సెకన్ల దమ్ము లేకపోవడమేమిటి? లోపం మరోచోట ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీరు 70 కిలోలు. సైకిలు, నీళ్ల సీసా, బూట్లు కలిపి ఇంకో 10. మొత్తం 80 కిలోలను 35 శాతం వాలు మీద నిలబెట్టి ఉంచడానికే వెనుక చక్రం సుమారు 26 కిలోల బలంతో రోడ్డును వెనక్కు తోయాలి. మీ గేరు 34కి 28. ఆ గేరులో అంత బలం రావాలంటే పెడల్ మీద సగటున 63 కిలోల ఒత్తిడి పడాలి. ఇది సగటు మాత్రమే. పెడల్ పైన, కింద ఉన్నప్పుడు కాలు దాదాపు ఏమీ చేయలేదు కాబట్టి మధ్యలో దిగేటప్పుడు ఒత్తిడి తొంభై కిలోలు దాటాలి. మీ బరువే 70. పెడల్ మీద నిలువునా నిలబడ్డా 70కి మించి పడదు. మిగిలినది ఎక్కడినుంచి వస్తుంది? హ్యాండిల్‌ను పైకి లాగడం నుంచి. మీరు తెలియకుండానే ప్రతి తొక్కుకూ హ్యాండిల్‌ను గట్టిగా పైకి గుంజుతున్నారు, గుంజిన ప్రతిసారీ ముందు చక్రం లేస్తోంది. మీరు చెప్పిన రెండు కష్టాలూ, అంటే బరువుగా తగలడమూ చక్రం లేవడమూ, ఒకే మూలం నుంచి పుట్టినవి.

అందుకే మొదటి ఖర్చు గేర్ల మీద పెట్టండి. వెనుక 28కి బదులు 34 పళ్లది వేయిస్తే కావలసిన ఒత్తిడి ఒక్కసారిగా 18 శాతం తగ్గుతుంది, 63 కిలోల సగటు 52కు దిగుతుంది. ముందు చిన్న చక్రాన్ని కూడా 30 పళ్లకు మార్చగలిగితే 46 కిలోలు. మీ స్నేహితుడు చెప్పినట్టు కష్టపడి 5 కిలోల బరువు తగ్గితే వచ్చేది 6 శాతం. బరువు తగ్గవద్దని అనడం లేదు, అది ఆరోగ్యానికి మంచిదే. నవంబరులోపల కొండ ఎక్కడానికి మాత్రం 34 పళ్ల చక్రం దానికి మూడింతలు పనిచేస్తుంది.

ఒక జాగ్రత్త. వెనుక పెద్ద పళ్ల చక్రం వేయించేటప్పుడు చెయిన్ పొడవు కూడా చూడమని మెకానిక్‌కు నోరు విప్పి చెప్పండి. నాకు ఒక దుకాణంలో 28 తీసి 34 వేసి, పాత చెయిన్‌నే ఉంచి ఇచ్చేశారు. ఇంటికి వస్తూ ముందు పెద్దది, వెనుక పెద్దది కలిసిన గేరులోకి పొరపాటున మార్చాను. చెయిన్ చాలక బిగుసుకుపోయి వెనుక డిరైలర్‌ను, అంటే చెయిన్‌ను ఒక గేరు చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగాన్ని, ముందుకు లాగి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్కను విరిచేసింది. డిరైలర్ చువ్వల్లో ఇరుక్కుంది. అలాగే మీ డిరైలర్ ఎన్ని పళ్ల వరకు మోయగలదో ముందే కనుక్కోండి. కొన్ని పొట్టివి 28 లేదా 30 దగ్గరే ఆగిపోతాయి, అప్పుడు పొడుగు చేతి డిరైలర్ కూడా కొనాలి.

గేరు మార్చగానే అంతా సులువైపోదు. చిన్న గేరులో మీరు కాలితో కొట్టే ప్రతి దెబ్బా వెనుక చక్రం దగ్గర పెద్దదవుతుంది. తొందరపడి ఒక్కసారిగా తొక్కితే ముందు చక్రం ఇంతకుముందుకన్నా తేలికగా లేస్తుంది. కాబట్టి చిన్న గేరును మెత్తగా, గుండ్రంగా తిప్పాలి. మేకును కొట్టినట్టు తొక్కకూడదు. మరీ చిన్నదైతే వేగం గంటకు 4 కిలోమీటర్ల కిందికి పడిపోయి సైకిలు నిలబడటమే కష్టమవుతుంది. నా దృష్టిలో ఈ వీధులకు ముందూ వెనుకా సమానంగా 34-34, లేదా 30-34 సరిపోతాయి. మౌంటెన్ సైకిలుకు ఉండే 22-36 ఇక్కడ ఎందరో వాడతారు, ఎక్కుతారు కూడా, నాకు మాత్రం అందులో సైకిలు నిలకడగా అనిపించదు.

ఇక బరువు విషయం. నేనైతే దీన్నే అసలు విద్య అంటాను.

సీటు మీద మామూలుగా కూర్చున్నప్పుడు మన బరువులో సుమారు అరవై శాతం వెనుక చక్రం మీద, నలభై శాతం ముందు చక్రం మీద పడుతుంది. రెండు చక్రాల మధ్య దూరం మీటరు. మనిషీ సైకిలూ కలిపి బరువు కేంద్రం నేలకు మీటరు పది సెంటీమీటర్ల ఎత్తులో, వెనుక చక్రం నేలను తాకే చోటుకు నలభై సెంటీమీటర్లు ముందు ఉంటుందనుకోండి. నలభైని నూట పదితో భాగిస్తే 36 శాతం. అంటే మీరు మామూలుగా కూర్చుని 36 శాతం వాలు ఎక్కితే ముందు చక్రం మీద బరువు సున్నా. కాంటన్ 37 శాతం. మీరు ఏ తప్పూ చేయకుండా కూర్చున్నా చక్రం లేవక తప్పదు. మనిషి మనిషికీ సైకిలు సైకిలుకూ ఈ లెక్క కొంచెం మారుతుంది, దారి మాత్రం ఇదే.

బరువు కేంద్రాన్ని పది సెంటీమీటర్లు ముందుకు జరిపి, పది సెంటీమీటర్లు కిందికి దించితే అదే లెక్క యాభైని వందతో భాగించినట్టవుతుంది, అంటే 50 శాతం వాలు దాకా చక్రం నేల మీదే ఉంటుంది. దానికి చేయవలసింది ఇది. సీటు ముక్కు మీదికి జరిగి కూర్చోండి, అంటే తొడల మధ్య సీటు కొస తగిలేంతగా. మోచేతులు వంచి నేల వైపు దించండి. ఛాతీని హ్యాండిల్ మీదికి తెచ్చి గడ్డం దాదాపు హ్యాండిల్ కాడ మీద ఉండేలా వంగండి. హ్యాండిల్‌ను లాగవలసి వస్తే పైకి కాకుండా నడుము వైపు, వెనక్కు లాగండి. ఈ ఒక్క మార్పుతో కుదురుకున్నవాళ్లను చాలామందిని చూశాను. సీటు ముక్కు సుఖంగా ఉండదు, నిజమే, నలభై ఏడు సెకన్లు ఓర్చుకోవచ్చు.

నిలబడి తొక్కవచ్చా అంటే తొక్కవచ్చు, రాళ్లు పొడిగా ఉంటే. నిలబడ్డప్పుడు బరువు ఇంకా ముందుకు పోతుంది, చక్రం లేచే భయం పోతుంది. దానికి బదులు వెనుక చక్రం తేలికై జారడం మొదలుపెడుతుంది. కాంటన్ మీద తారు లేదు, పరిచిన రాళ్లున్నాయి. నవంబరులో వాటి సందుల్లో రాలిన ఆకులు తడిసి సబ్బులా ఉంటాయి. నేను పడింది అలాగే. నిలబడి ముందుకు వంగి తొక్కుతున్నాను, వెనుక చక్రం ఒక తడి ఆకు మీద గిర్రున తిరిగింది, పెడల్ ఒక్కసారిగా కిందికి పోయింది, ఎడమ మోకాలు రాయి అంచుకు తగిలింది. పడ్డాక లేవకుండా అక్కడే కూర్చుని రాళ్లను దగ్గరగా చూశాను. ఒక్కో రాయి పైభాగం చదునుగా ఉండదు, మధ్యలో ఉబ్బి అరిగి నున్నగా ఉంటుంది. సందులు మాత్రం గరుకు. రాయికీ రాయికీ మధ్య చూపుడువేలు దూరేంత సందు, అందులో ఇసుక, నాచు. టైరు ఒక రాయి మీద నుంచి ఇంకో రాయి మీదికి దాటే ప్రతిసారీ చిన్న గుంటలో దిగి లేస్తోందన్నమాట. సన్నటి, బిగుతుగా గాలి కొట్టిన టైరు ఆ గుంటల్లో ఎగురుతుంది. ఎగిరినప్పుడల్లా పట్టు పోతుంది. అప్పటినుంచి 32 మిల్లీమీటర్ల టైరు వాడుతున్నాను, గాలి ఒత్తిడి 60 పీఎస్ఐ (పంపు మీది కొలత) దగ్గర ఉంచుతాను. మీ ఫ్రేములో 28 మాత్రమే పడితే 70 పీఎస్ఐ చాలు. వంద కొట్టుకుని రాకండి.

ఎక్కే ముందు కింద, కోస్ట్ అవెన్యూలో ఉండగానే కావలసిన గేరులోకి మారిపోండి. వాలు మీద బలంగా తొక్కుతూ ముందు గేరు మార్చబోతే చెయిన్ ఊడి పడుతుంది, అక్కడితో ఆ ప్రయత్నం అయిపోతుంది. వేగం అందుకుని దూకుడుగా ఎక్కేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. ఆ వేగం మొదటి పది మీటర్లలోనే కరిగిపోతుంది, దానితోపాటు మీ కాళ్లలోని మొదటి పదిసెకన్ల ఇంధనం కూడా. నిటారు ముక్క వచ్చేసరికి తొడలు మండుతూ ఉంటాయి. మొదటి ఇరవై మీటర్లను కావాలని నెమ్మదిగా ఎక్కండి, ఊపిరి పైకి రాకుండా. మూడో వంతు దాటాక బలం తీయండి. ఎక్కుతున్నంతసేపూ మీ చూపు ముందు చక్రానికి రెండు మీటర్ల ముందు ఉండాలి. సైకిలు కంప్యూటర్‌లో వాలు శాతాన్ని చూడకండి. అది కొన్ని సెకన్లు ఆలస్యంగా చెబుతుంది, మీరు దాటేసిన ముక్క అంకెను చూపించి భయపెడుతుంది.

పాము నడక గురించి కూడా అడగబోతారని తెలుసు. మన ఊళ్లలో పాలక్యాన్లు కట్టుకుని మిట్ట ఎక్కేవాళ్లు గేర్లు లేని సైకిలు మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు అడ్డంగా కోస్తూ పోవడం చూసే ఉంటారు. ఎవరూ నేర్పకుండా వాళ్లు కనిపెట్టుకున్న ఆ పద్ధతి పూర్తిగా సరైనది. వాలుకు నలభై అయిదు డిగ్రీల కోణంలో తొక్కితే 37 శాతం కాస్తా 26 శాతంలా తగులుతుంది. దూరం పెరుగుతుంది, ఎక్కవలసిన ఎత్తు మారదు. ఒంటరిగా, వాహనాలు లేని వేళ ప్రాక్టీసు చేసేటప్పుడు తప్పకుండా వాడండి. కష్టమంతా మళ్లే చోట ఉంది, అక్కడ ఒక క్షణం సైకిలు నిలువునా పైకి చూస్తుంది. ఆ క్షణానికి ముందే కొంచెం వేగం అందుకోవాలి. డర్టీ డజన్ రోజున మాత్రం వద్దు. మీ వెనుక పదిమంది ఊపిరి బిగబట్టి వస్తుంటారు, మీరు అడ్డం తిరిగితే వాళ్లందరూ పడతారు.

ఆ రోజు సంగతి తెలుసుకుని రండి. డానీ చ్యూ అనే ఇక్కడి సైక్లిస్టు మరికొందరితో కలిసి 1983లో మొదలుపెట్టిన రైడ్ అది. థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి శనివారం, పదమూడు కొండలు. ప్రతి కొండనూ కాలు నేల మీద పెట్టకుండా ఎక్కాలి. పెడితే కిందికి వెళ్లి మళ్లీ మొదటినుంచి. కాంటన్ మొదటిది కాదు, అప్పటికే చాలా కొండలు ఎక్కి వస్తారు. కాబట్టి తాజాగా ఉన్న కాళ్లతో ఎక్కగలగడం ఒక్కటే సరిపోదు. చుట్టూ జనం నిలబడి గంటలు మోగిస్తూ అరుస్తుంటారు, ఎదుట ఒకరు పడితే పక్కనుంచి తప్పుకుని పోవాలి. జనం కేకలు విని మొదట్లోనే బలమంతా పెట్టేయడం కొత్తవాళ్లు చేసే తప్పు.

ప్రాక్టీసుకు కాంటన్‌కే పోనక్కర్లేదు. 12 నుంచి 15 శాతం వాలు ఉన్న ఇళ్ల వీధి ఏదైనా చూసుకోండి, ఈ ఊళ్లో ప్రతి పేటలోనూ దొరుకుతుంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఆరు ఎక్కుళ్లు, ప్రతిదీ నలభై అయిదు సెకన్ల నుంచి నిమిషం వరకు, మధ్యలో నాలుగైదు నిమిషాల పూర్తి విశ్రాంతి. విశ్రాంతి తగ్గిస్తే అది వేరే వ్యాయామం అవుతుంది. నెల తరువాత ట్రాయ్ హిల్‌కు పోయే రియాల్టో వీధికి రండి, 24 శాతం ఉంటుంది. ఒకప్పుడు పందుల మందలను ఆ దారినే కబేళాలకు తోలేవారు, ఇప్పటికీ పిగ్ హిల్ అంటారు. ఇరుకు వీధి, కార్లు ఆగవు, అందుకని ఆదివారం తెల్లవారుజామునే రండి. నేను కొండెక్కే అలవాటు వదలకుండా ఉండటానికి పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి సైకిలు మీదే వెళ్తాను, ఆ చుట్టుపక్కల కూడా మంచి మిట్టలున్నాయి. నలభై దాటినవారు, గుండె జబ్బు ఉన్న కుటుంబంవారు ఇలాంటి ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే ఇంకొక్క మీటరు కూడా తొక్కకూడదు.

ప్రపంచంలో ఇలాంటి వీధులు ఇంకా ఉన్నాయి, వాటినుంచి ఒక పనికొచ్చే సంగతి నేర్చుకోవచ్చు. న్యూజిలాండ్ డునెడిన్‌లోని బాల్డ్విన్ వీధిది 34.8 శాతం. పైభాగం తారు కాదు, కాంక్రీటు. 2019లో గిన్నిస్ వాళ్లు వేల్స్ దేశపు హార్లెక్‌లోని వీధికి 37.45 శాతం అని ప్రపంచంలోకెల్లా నిటారైన వీధి బిరుదు ఇచ్చి, 2020లో మళ్లీ బాల్డ్విన్‌కే తిరిగి ఇచ్చారు. కారణం ఏమిటంటే, హార్లెక్ వీధి మలుపు తిరుగుతుంది. మలుపు లోపలి అంచున కొలిస్తే వాలు ఎక్కువ, వీధి మధ్యగీత వెంట కొలిస్తే తక్కువ. మధ్యగీత వెంట కొలవడమే సరైనదని తేల్చారు. మనకు దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, మలుపు ఉన్న ఏ నిటారు దారిలోనైనా లోపలి అంచును వదిలేయాలి. దగ్గరి దారి కదా అని లోపలినుంచి పోయేవాళ్లు అన్నిటికన్నా నిటారు ముక్కను తమంతట తాము ఎంచుకుంటున్నారు. ఎదురుగా వాహనం లేదని స్పష్టంగా కనిపిస్తే వెలుపలి వైపుకు జరగండి, అదే మలుపు చాలా మెత్తగా తగులుతుంది. ఇంగ్లండ్‌లోని హార్డ్‌నాట్ పాస్ ఎక్కినప్పుడు నన్ను కాపాడింది ఇదే. అక్కడ మలుపుల దగ్గర 33 శాతం ఉంటుంది.

ఇక పడటం గురించి, మీ మోచేయి చూస్తే బాధగా ఉంది. కొత్త గేరుతో మొదటి నాలుగైదు ప్రయత్నాలు బూటును పట్టి ఉంచే క్లిప్ లేని మామూలు పెడల్‌తో, రబ్బరు బూట్లతో చేయండి. క్లిప్‌తో వచ్చే లాభం కొంచెమే, ఈ వేగంలో కాలు నేల మీద పెట్టగలననే ధైర్యం దానికన్నా విలువైనది. ఆగిపోతున్నట్టు అనిపించిన క్షణంలోనే సైకిలును పక్కకు, వీధికి అడ్డంగా తిప్పి, పైవైపు కాలు దించండి. కిందివైపు కాలు దించితే నేల అందదు, వెనక్కు దొర్లుతారు. నిటారు ముక్కలో ఆగాక మళ్లీ అక్కడినుంచి బయలుదేరాలని తంటాలు పడవద్దు. తప్పదంటే సైకిలును అడ్డంగా పెట్టుకుని, ఖాళీగా ఉన్న వీధిలో అడ్డంగా రెండు తొక్కులు తొక్కి ఆ తరువాత పైకి తిప్పండి.

దిగేటప్పుడు నడిచే దిగండి. దీని గురించి నాతో చాలామంది వాదించారు. ఎక్కేటప్పుడు వెనుక చక్రం మీదికి పోయిన బరువంతా దిగేటప్పుడు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనుక బ్రేకు దాదాపు పనికిరాకుండా పోతుంది. ముందు బ్రేకు ఒక్కటే ఆపాలి. అది తడి రాళ్ల మీద చక్రాన్ని బిగబట్టేస్తే మనిషి హ్యాండిల్ మీదుగా పోతాడు. కాంటన్ పక్కన మెట్లున్నాయి, సైకిలు భుజాన వేసుకుని వాటి మీద దిగిపోండి.

చెయిన్ కొలత చూపించుకున్నాక, టైర్లలో గాలి తగ్గించుకున్నాక, రెండు రోజులు వాన పడని ఆదివారం పొద్దున ఏడు గంటలకు కోస్ట్ అవెన్యూ మూలకు రండి. నేను పక్కన మెట్ల మీద నడుస్తూ మీ ముందు చక్రాన్ని చూస్తూ ఉంటాను, అది లేవబోయే క్షణం నాకు ముందే కనిపిస్తుంది, అరిచి చెబుతాను.